విప్పిన ఇంజను నేర్పిన విద్య: జి.డి. నాయుడు జీవితం

కోయంబత్తూరుకు తూర్పున, సూలూరు సమీపంలోని కలంగల్ అనే చిన్న పల్లెలో 1893 మార్చి 23వ తేదీన ఒక తెలుగు రైతు కుటుంబంలో గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. లోకం ఆయనను జి.డి. నాయుడుగా ఎరుగును. తమిళనాట ఆయన పేరు చెప్పగానే బస్సులు, మోటార్లు, రేడియోలు, ఎన్నెన్నో కొత్త వస్తువులు గుర్తుకు వస్తాయి. ఆ పేరుప్రతిష్ఠలన్నింటికీ మొదలు మాత్రం ఒక పాత మోటారు సైకిలు. దానిని కొని, చివరి మర వరకూ విప్పి, తిరిగి బిగించి నడిపించిన యువకుడే తరువాత పారిశ్రామికవేత్తగా ఎదిగారు.

విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాతి నాయక రాజుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు అనేకం దక్షిణానికి తరలి వెళ్ళి కొంగునాడులో స్థిరపడ్డాయి. నాయుడు గారి పూర్వీకులు అటువంటి సమాజానికి చెందినవారే. ఇంట తెలుగు, ఊరిలోనూ బడిలోనూ తమిళం, కచేరీలో ఇంగ్లీషు అన్నది వారి స్థితి. హంపీకి ఎంతో దూరం లేని మన హచ్చొళ్ళి, సిరుగుప్ప ప్రాంతపు కుటుంబాలకు ఈ స్థితిని వివరించి చెప్పవలసిన పని లేదు. ఇంట తెలుగు, బడిలో కన్నడం, పై చదువులకు ఇంగ్లీషు అన్న త్రోవలోనే మన పిల్లలూ నడుస్తున్నారు.

బాల్యం, బడి

నాయుడు గారు పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు రుచించలేదు. ఒకచోట కూర్చుని, చెప్పినదానిని వల్లె వేయడం ఆయన స్వభావానికి సరిపడలేదు. ప్రాథమిక దశలోనే చదువు ఆగిపోయింది. పొలం పనులలో కుదురుకున్నారు. అంతమాత్రాన ఆయన చదువుకు దూరమయ్యారని అనుకోరాదు. తమిళ పుస్తకాలను తనంత తానుగా చదివి, లోక విషయాలను ఆకళింపు చేసుకున్నారు. ఆయన వదిలినది తరగతి గదిని మాత్రమే.

ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది. ఒక ఆంగ్ల రెవిన్యూ అధికారి మోటారు సైకిలుపై ఆ ప్రాంతానికి వచ్చారు. అది ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో తయారయ్యే రడ్జ్ బండి. ఎడ్లు, గుర్రాలు తప్ప బండిని లాగే శక్తిని ఎరుగని పల్లెలో, ఏ జంతువూ లేకుండా తనంత తాను పరుగెత్తే వాహనాన్ని చూసి జనం విస్తుపోయారు. నాయుడు గారు విస్తుపోయి ఊరుకోలేదు. ఆ శబ్దం ఎక్కడ పుడుతున్నది, చక్రం దేనివల్ల తిరుగుతున్నది అన్న ప్రశ్నలు ఆయనను విడువలేదు. ఆ బండి తనది అయితే తప్ప ఆ ప్రశ్నలు తీరవని గ్రహించారు.

ఆయన కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా చేరారు. భూమి గల రైతు కుటుంబంలో పుట్టిన కుర్రవాడు బల్లలు తుడిచే పనిలో కుదరడం ఆ రోజులలో చిన్న విషయం కాదు. పైసా పైసా కూడబెట్టి, కొంత కాలానికి ఆ అధికారి వద్దనే ఆ మోటారు సైకిలును కొనుగోలు చేశారు. కొన్న బండిపై ఊరేగడానికి బదులు దానిని పూర్తిగా విప్పారు. తరువాత ఏ భాగం ఎక్కడిదో గుర్తించి యథాతథంగా బిగించారు. బడి ఇవ్వలేకపోయిన విద్య ఆయనకు అక్కడ లభించింది.

విప్పడంలోని విద్య

ఇంజను విప్పడం గొప్ప కాదు, పానా పట్టిన ప్రతివాడూ విప్పగలడు. తిరిగి బిగించి నడిపించడమే గొప్ప. మన ఊళ్ళలో మూలనపడిన పంపుసెట్టు ఇంజన్లను, పాత ట్రాక్టర్లను చూసినవారికి ఈ తేడా బాగా తెలుసు. విప్పినవాడు వెళ్ళిపోగా, గోనెసంచిలో కలగాపులగంగా మిగిలిన భాగాలు చివరకు తుక్కు వ్యాపారి తూనికకు చేరుతాయి. యంత్రం చెడినందువల్ల కంటే, విప్పిన క్రమం మరచినందువల్ల తుక్కు అయిన ఇంజన్లే ఎక్కువ అంటే అతిశయోక్తి కాదేమో.

నాయుడు గారికి దొరికిన తరహా బండి ఎటువంటిదో కొంత తెలుసుకుంటే ఆ పని విలువ అర్థమవుతుంది. రడ్జ్ కంపెనీ మొదట సైకిళ్ళకు ప్రసిద్ధి. 1911లో మోటారు సైకిళ్ళను మార్కెట్టుకు తెచ్చింది. ఆ తొలి బండ్లకు ఒకే సిలిండరు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని లోపలికి వదిలే వాల్వు సిలిండరు పైభాగాన, కాలిన పొగను బయటకు పంపే వాల్వు ప్రక్కన ఉండేవి. నిప్పురవ్వకు బ్యాటరీ లేదు. ఇంజను తిరుగుడుతోనే విద్యుత్తు పుట్టించే మాగ్నెటో ఆ పని చేసేది. ఇంజను శక్తి వెనుక చక్రానికి బెల్టు ద్వారా అందేది.

అటువంటి ఇంజనును విప్పేవాడు మొదట చేయవలసిన పని పానా పట్టడం కాదు, చూడడం. ఏ గొట్టం ఎటు వంగి ఉన్నది, ఏ తీగ దేనికి చేరుతున్నది అన్నది గుర్తు పెట్టుకోవాలి. నేడు సెల్‌ఫోనుతో నాలుగు ఫోటోలు తీస్తే సరిపోతుంది. ఆ రోజులలో కాగితంపై గీసుకోవాలి, లేదా మనసున ముద్రించుకోవాలి. తుప్పు పట్టిన మరలపై కిరోసిన్ పోసి ఒకరోజు నాననివ్వాలి. తొందరపడి సుత్తితో కొడితే మర తల విరుగుతుంది. ఆంగ్ల యంత్రాల మరలు అంగుళాల కొలతలలో ఉండేవి. మిల్లీమీటర్ల పానా పట్టిస్తే వాటి మూలలు అరిగిపోతాయి.

విప్పిన ప్రతి నట్టును దాని బోల్టుకే తగిలించి ఉంచాలి. వాల్వులను మార్చి పెట్టరాదు. ఏళ్ళ తరబడి ఒక గూటిలో కూర్చుని అరిగిన వాల్వు ఆ గూటికే సరిపోతుంది, మరొక గూటిలో పెడితే పొగ కారుతుంది. పిస్టన్ ముందువైపు ఏదో, వెనుకవైపు ఏదో గుర్తు వేయాలి. రింగుల వరుస మారరాదు. పలుచని రేకు వాషర్లు ఎక్కడ ఎన్ని ఉన్నాయో లెక్క వ్రాసుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది పళ్ళ చక్రాల గుర్తు. నాలుగు దశల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ రెండు చక్రాల పళ్ళు ఏ స్థానంలో కలుస్తున్నవో విప్పకముందే చుక్క పెట్టుకోవాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వు తెరుచుకునే వేళ తప్పుతుంది. ఇంజను బయలుదేరదు, లేదా బయలుదేరినా బలం ఉండదు. మాగ్నెటో నిప్పురవ్వ వేళ కూడా ఇటువంటిదే. ఇంత సూక్ష్మమైన యంత్రాన్ని, చెప్పేవాడు లేని చోట ఒక రైతు యువకుడు విప్పి మరల నడిపించగలిగాడంటే, అతని చూపు ఎంత నిశితమైనదో ఊహించవచ్చు.

ఇంజను ఏదో గుర్తించడం

పాత ఇంజనును కొన్నవారికి మరొక చిక్కు ఉంటుంది. అది నిజంగా ఏ కంపెనీది, ఏ రకానిది, ఎన్నిసార్లు బాగుచేయబడినది? అమ్మినవాడి మాటను నమ్మి లాభం లేదు, ఇంజను చెప్పే మాటను వినాలి.

ఇనుముపై రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన అంకె అచ్చు సంఖ్య. ఒకే అచ్చులో పోసిన వేల ఇంజన్లకు అదే అంకె ఉంటుంది. తరువాత ఉలి అచ్చుతో లోపలికి కొట్టిన అంకె ఆ ఒక్క ఇంజనుదే. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉండవలసినది ఈ రెండవ అంకె. మొదటిదానిని చూసి మోసపోయేవారు ఎందరో ఉన్నారు. కొట్టిన అంకె చుట్టూ ఇనుము ఆకురాయితో అరగదీసినట్లు కనిపించినా, అంకెలు వంకరటింకరగా ఉన్నా అనుమానించాలి. కనుక మురికి వదిలించే వేళ ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్ది అంకెలను చెరిపివేయరాదు. మెత్తని గుడ్డతో, కిరోసిన్‌తో తుడవాలి.

అంకె చెరిగిపోతే కొలతలే సాక్ష్యం. సిలిండరు లోపలి వ్యాసం, పిస్టన్ పైకి క్రిందికి ప్రయాణించే దూరం అనే రెండు కొలతలు తెలిస్తే ఇంజను పరిమాణం తెలుస్తుంది. ఏడవ తరగతి పిల్లలకు మనం నేర్పే వృత్త వైశాల్యమే ఇక్కడ పనికి వస్తుంది. తొలి రడ్జ్ ఇంజను వ్యాసం 85 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 88 మిల్లీమీటర్లు. సగం వ్యాసాన్ని, అంటే 4.25 సెంటీమీటర్లను వర్గం చేసి, 22/7తో గుణించి, దానిని 8.8తో గుణిస్తే 499 పైచిలుకు ఘన సెంటీమీటర్లు వస్తాయి. ఆ బండిని అర లీటరు బండి అనడానికి కారణం అదే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. పాత సిలిండరు అరిగిపోతే మరమ్మతుదారు దానిని కొంచెం పెద్దదిగా బోరు చేయించి, పెద్ద పిస్టన్ వేస్తాడు. వ్యాసం ఒక్క మిల్లీమీటరు పెరిగి 86 అయితే పరిమాణం 511కు చేరుతుంది. తెలియనివాడు దానిని మరొక రకం ఇంజను అనుకుంటాడు. చాలా పిస్టన్‌ల తలపై 20, 40, 60 వంటి అంకెలు కొట్టి ఉంటాయి. అవి అంగుళంలో వెయ్యవ వంతుల లెక్కన ఎంత పెద్దది చేశారో తెలిపే గుర్తులు. ఆ అంకెను చూస్తే ఆ ఇంజనుకు ఎన్ని మరమ్మతులు జరిగి ఉంటాయో, ఇంకా బోరు చేయడానికి ఇనుము ఎంత మిగిలి ఉన్నదో అంచనా వేయవచ్చు.

అరుగుదల అన్ని చోట్లా సమంగా ఉండదు. పై రింగు ఆగి మళ్ళే చోట సిలిండరు ఎక్కువగా అరుగుతుంది, అడుగున తక్కువగా అరుగుతుంది. కనుక పైన, నడుమ, క్రింద అని మూడు చోట్ల, నిలువుగా అడ్డంగా కొలవాలి. కొలతలు తేడాగా ఉంటే బోరు తప్పదు. సమంగా ఉంటే కొత్త రింగులతో సరిపోవచ్చు. ఈ కొలతలు తీయకుండానే భాగాలు కొన్నవాడు డబ్బు రెండుసార్లు ఖర్చు చేస్తాడు.

బస్సుల యజమాని

మోటారు సైకిలు నేర్పిన పాఠంతో నాయుడు గారు వెంటనే ధనవంతులు కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన ప్రత్తి వ్యాపారంలో దిగి లాభం గడించారు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి అక్కడి ప్రత్తి మార్కెట్టులో గడించినదంతా పోగొట్టుకున్నారు. ఆదోని మార్కెట్టు ధరల ఆటుపోట్లను ఎరిగిన మన రైతులకు ఆ నష్టం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. తిరిగి వచ్చిన ఆయనకు మిగిలినది యంత్రజ్ఞానం ఒక్కటే.

కోయంబత్తూరులో ప్రముఖ ఆంగ్ల వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆయన ప్రతిభను గుర్తించి చేయూతనిచ్చారు. 1920లో నాయుడు గారు ఒక బస్సును సంపాదించి పొల్లాచి, పళని పట్టణాల నడుమ నడిపారు. బస్సును తానే స్వయంగా నడిపారు. ఇంజను మొరాయిస్తే బాగుచేసే విద్య కూడా ఆయన చేతిలోనే ఉన్నది. కొద్ది సంవత్సరాలలో ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటారు సర్వీసు, అనగా యు.ఎం.ఎస్. అనే గొప్ప సంస్థగా ఎదిగింది. దేశంలోనే చక్కగా నడిచే బస్సు సంస్థలలో ఒకటిగా పేరు పొందింది.

మోటార్లు, రేడియోలు, కారు

బస్సులతో ఆయన ఆగలేదు. కోయంబత్తూరు పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ స్థాపించి, డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి 1937లో విద్యుత్ మోటారును తయారు చేయించారు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానిని చెబుతారు. కోయంబత్తూరు పంపులకు, మోటార్లకు ప్రసిద్ధి చెందిన నగరంగా మారిన చరిత్రలో ఇది ముఖ్యమైన మెట్టు. మన ప్రాంతంలో బావుల వద్ద తిరిగే మోటార్లపై కోయంబత్తూరు పేరు చదివినప్పుడు ఈ సంగతిని గుర్తు చేసుకోవచ్చు.

ఐరోపా పర్యటనలలో ఆయన కర్మాగారాలను చూసి, నేర్చి, కొత్త వస్తువులను రూపొందించారు. చిన్న బ్యాటరీలతో నడిచే రాసంట్ అనే విద్యుత్ క్షుర యంత్రం వాటిలో ప్రసిద్ధమైనది. పలుచని బ్లేడ్లు, కిరోసిన్‌తో తిరిగే పంకా, పండ్ల రసం తీసే యంత్రం, మోసానికి వీలు లేని ఓటు యంత్రం కూడా ఆయన ఆలోచనల నుండి వెలువడ్డాయి. 1936లో ఇంగ్లండు రాజు అయిదవ జార్జి అంత్యక్రియలను తన కెమెరాతో స్వయంగా చిత్రీకరించారు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని ప్రకటించారు. వ్యవసాయంలోనూ ప్రయోగాలు చేసి ప్రత్తి, బొప్పాయి మొక్కలను అసాధారణంగా పెంచి చూపారు.

1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు ఆయన కృషితో బయటకు వచ్చింది. దాని ధర 2000 రూపాయలు. కానీ దానిని పెద్ద ఎత్తున తయారు చేయడానికి ప్రభుత్వం లైసెన్సు మంజూరు చేయలేదు. ఉత్పత్తి ఆగిపోయింది. ఒక పాత ఇంజనును విప్పి నేర్చుకున్న వ్యక్తి సొంతంగా కారును రూపొందించే స్థాయికి ఎదిగారు. ఆ కారు మాత్రం సామాన్యుని వాకిటికి చేరలేదు. ఆయన జీవితంలో తీరని కోరికలలో ఇది ఒకటి.

బడి మానినవాడు బడి పెట్టడం

బడిని వదిలిన నాయుడు గారు 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయ స్థాపనకు ముందుకు వచ్చారు. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట ఏర్పడిన ఆ కళాశాలకు విరాళం ఇవ్వడమే కాక, తొలి ప్రిన్సిపాలుగా కూడా పనిచేశారు. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం అదే. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అవసరం లేదు, చేతికి పని ఇచ్చి నేర్పితే రెండేళ్ళు చాలునన్నది ఆయన అభిప్రాయం. ప్రభుత్వం దానికి అంగీకరించలేదు. ఆయన ఆ పదవి నుండి తప్పుకున్నారు.

ఈ వివాదంలో ఎవరిది సరి అన్నది ఒక్క మాటలో తేల్చలేము. వంతెన కట్టేవానికి, విమానం రూపొందించేవానికి లోతైన గణితం కావాలి, దానికి కాలం పడుతుంది. అయితే గణితాన్ని పుస్తకంలోనే ఉంచి, యంత్రాన్ని ముట్టనివ్వని చదువు కూడా సగం చదువే. వృత్త వైశాల్యం లెక్క వచ్చిన విద్యార్థికి సిలిండరు కొలవడం తెలియదు. సిలిండరు బోరు చేసే మెకానిక్కుకు ఆ లెక్క వ్రాయడం తెలియదు. ఈ ఇద్దరి నడుమ ఉన్న గోడను తొలగించాలన్నదే నాయుడు గారి తపన అని గ్రహించాలి.

మన సరిహద్దు గ్రామాలలో ఈ గోడ మరింత ఎత్తుగా ఉన్నది. ఇంటి భాష ఒకటి, పాఠ్యపుస్తకం భాష మరొకటి కావడంతో కొందరు పిల్లలు వెనుకబడతారు. వారిని మొద్దులని తీర్మానించి తల్లిదండ్రులు పనికి పంపుతారు. నాయుడు గారి కథను విని, చదువు లేకున్నా పరవాలేదని అనుకోవడం తగదు. ఆయన వంటివారు కోటికొకరు. అదే కుర్రవాడు ట్రాక్టరు మెకానిక్కు వద్ద కూర్చుని ఏ భాగం పేరు అడిగినా చెప్పగలిగితే, ఆ పిల్లవాడి తెలివిని బడి చేరుకోలేదని అర్థం. అటువంటివానిని బడి మాన్పించడం కంటే, బడి చదువుతో పాటు ఐ.టి.ఐ. వంటి వృత్తి శిక్షణ వైపు నడిపించడం మేలు. షెడ్డులో పని నేర్చుకుంటున్నవానికి ఒక నోటుపుస్తకం కొనిచ్చి, విప్పిన ప్రతి ఇంజను సంఖ్య, కొలతలు, మార్చిన భాగాలు తేదీతో వ్రాయించడం ఇంకా మేలు. అది తెలుగులో వ్రాసినా, కన్నడంలో వ్రాసినా ఒకటే. వ్రాసిన జ్ఞానం చేతి నుండి చేతికి అందుతుంది, వ్రాయనిది మనిషితోనే పోతుంది.

పాత బండ్లపై మక్కువ గల యువకులకు మరొక మాట. వాహనానికి వేరే ఇంజను అమర్చితే రవాణా కార్యాలయంలో తెలిపి రిజిస్ట్రేషన్ పుస్తకంలో నమోదు చేయించాలి. అసలు రూపంలో ఉండి 50 ఏళ్ళు దాటిన సొంత వాహనాలను పురాతన వాహనాలుగా నమోదు చేసే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. అలా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. అసలు రూపం అన్నచోట ఇంజను సంఖ్య ఎంత విలువైనదో ఇప్పుడు అర్థమవుతుంది.

జి.డి. నాయుడు గారు 1974 జనవరి 4వ తేదీన మరణించారు. కోయంబత్తూరులో ఆయన పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల ఉన్నది. 2015లో వారి కుటుంబ సంస్థ ఆధ్వర్యంలో పాత కార్ల ప్రదర్శనశాల కూడా ప్రారంభమైంది. 2025 అక్టోబరులో ఆ నగరంలోని అవినాశి రోడ్డుపై 10 కిలోమీటర్లకు పైగా పొడవైన వంతెనను తెరిచి దానికి ఆయన పేరు పెట్టారు. కోయంబత్తూరు వైపు వెళ్ళే మన ప్రాంతపువారు పిల్లలను ఆ ప్రదర్శనశాలలకు తీసుకువెళ్ళి, యంత్రాలను దగ్గరగా చూపించి, వారు అడిగే ప్రశ్నలను ఓపికతో వినగలరు.